గోడకో ముద్ద

ఆ శుక్రవారం ప్రతిపక్ష నాయకుడు మెండ లోకనాథం శాసనసభలోకి ఒక తలుపు చెక్కను మోసుకొచ్చాడు. వాకిట్లో సిబ్బంది అడ్డుపడితే "ఇదేం ఆయుధం కాదయ్యా, సాక్ష్యం" అని వాళ్ళను తప్పించుకుని వచ్చి, ధడాలున తన బల్ల మీద పెట్టాడు. బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు ఎగిరిపడింది. అందరూ మెడలు సాచి చూశారు. మామూలు వేపచెక్క తలుపు నుంచి విరిగిన ముక్కే. కాకపోతే దాని ఒక అంచు పొడుగునా పిడికిలి మందాన తెల్లటి రాయి పట్టుకుని ఉంది.

"అధ్యక్షా, ఇది కొత్తరేవు పెద్దల వాడలో బగాది దాలయ్య అనే ముసలాయన ఇంటి తలుపు. నాలుగు రోజులు ముసురు పట్టింది. తెరిపిచ్చాక చూస్తే తలుపు గోడలో కలిసిపోయి ఉంది. లోపల మనిషున్నాడు. గునపాలతో పగలగొట్టి బయటికి లాగారు. నేను ముఖ్యమంత్రిగారిని రెండే ప్రశ్నలు అడుగుతాను. అవి పెద్దవాళ్ళకి కట్టించిన ఇళ్ళా, సమాధులా? అదే సున్నంతో కట్టిన ఏటి వంతెన మీంచి రేపు మన పిల్లల్ని బడికి పంపొచ్చా, పంపకూడదా?"

ఉత్తర సీమకి సొంత ప్రభుత్వం వచ్చి కొన్నేళ్ళే అయింది. ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం, మధ్యలో ఏటేటా వచ్చిపోయే తుఫాన్లు. ఆ సీమకి ముఖ్యమంత్రి సనపల దమయంతి. రాజకీయాల్లోకి రాకముందు లెక్కల టీచరు. జవాబు తెలియనప్పుడు తెలియదని చెప్పే పాడు అలవాటు అప్పటి నుంచే ఉంది. ఎన్ని ఎన్నికలు నెగ్గినా అది పోలేదు.

ఆమె లేచి నిలబడింది. "అధ్యక్షా, ఈ రోజు నా దగ్గర జవాబు లేదు. సోమవారం చెబుతాను. తప్పు సున్నంలోనే ఉందని తేలితే పెద్దల వాడా ఖాళీ చేయిస్తాను, వంతెనా మూయిస్తాను. అందులో వెనకాడేది లేదు."

ఆమె వెనక వరసలో కూర్చున్న సొంత పార్టీ సభ్యులు తలలు పట్టుకున్నారు. పరిశీలిస్తున్నామనో, కమిటీ వేశామనో చెప్పి గట్టెక్కాల్సిన చోట తెలియదని చెప్పి, పైపెచ్చు గడువు కూడా పెట్టుకున్న నాయకురాలిని ఏమనాలో వాళ్ళకి తోచలేదు.

దమయంతికి మాత్రం వాళ్ళ గోల చెవికెక్కలేదు. పెద్దల వాడలో అరవై ఇళ్ళున్నాయి. తుఫానుకి ఇళ్ళు పోగొట్టుకున్న ముసలివాళ్ళు, నా అన్నవాళ్ళు లేనివాళ్ళు, ఉన్నా ఒకరి మీద ఆధారపడడం ఇష్టం లేనివాళ్ళు అక్కడ ఉంటారు. వాడ ఖాళీ అయితే వాళ్ళని తలా ఒక ఊరి హాస్టలుకి చెదరగొట్టాలి. వంతెన మూస్తే కొండవైపు ఊళ్ళకి ఆస్పత్రి దారే ఉండదు. ఇవన్నీ ఒక ఎత్తు. ఆ అరవై ఇళ్ళలో ఒక ఇంట్లో ఆమె అత్తగారు సూరీడమ్మ ఉంటోంది. "నీ ఇంట్లో పోలీసోళ్ళ మజ్జిన నాను ఉండనేను" అని తెగేసి చెప్పి, పెట్టె సర్దుకుని, దరఖాస్తు తనే పెట్టుకుని మరీ వెళ్ళిన మనిషి. భర్త పోయాక దమయంతికి మిగిలిన ఇంటిమనిషి ఆవిడొక్కతే. ఆవిడ తలుపు కూడా మూసుకుపోతే ఎలా అన్న ఆలోచన దమయంతిని వదల్లేదు. ఆ రోజు మధ్యాహ్నం పళ్ళెం ముందు కూర్చుని, తాకకుండానే లేచిపోయింది.

* * *

"పెరగడం లేదు మేడమ్," అంది హైమవతి.

ఇప్పిలి హైమవతి ప్రభుత్వ ప్రయోగశాలకి పెద్ద. జీవసున్నం ఆమె బుర్రలోంచే పుట్టింది. ఆ సున్నంలో కంటికి కనిపించని జీవాలు కోట్లలో నిద్రపోతూ ఉంటాయి. గోడ పగిలి తేమ తగిలిందా, లేచి కూర్చుంటాయి. పక్కనే దాచిపెట్టిన మేత తింటాయి. తిన్నదాన్ని రాయిగా విసర్జించి, పగులు పూడ్చి, మళ్ళీ పడుకుంటాయి. ఏడాదికొకసారి హైమవతి మనుషులు వచ్చి కొలత ప్రకారం మేత చల్లి వెళతారు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి మామూలు ఇళ్ళు కూలిపోయే ఆ తీరంలో, రెండు పెద్ద తుఫాన్లకి పెద్దల వాడ పెచ్చు కూడా ఊడకుండా నిలబడిందంటే ఆ సున్నం చలవే.

ప్రయోగశాలలో తొట్టెల నిండా గోడ ముక్కలున్నాయి. కొన్ని నీళ్ళలో నానుతున్నాయి. కొన్నిటి మీద ఉప్పునీళ్ళ జల్లు పడుతోంది. కొన్నిటిని ఎండలో కాల్చి, వానలో తడిపి, సమ్మెటతో కొట్టి కూడా చూశారు. పగుళ్ళు బుద్ధిగా పూడుకుంటున్నాయి. అంతకు మించి ఒక్క ముక్క కూడా పెరగలేదు.

"ఇక్కడ పెరగనిది అక్కడెందుకు పెరిగిందమ్మా?"

"అదే తెలియడం లేదు. తలుపుకి పట్టిన రాయి పరీక్ష చేశాం. శుభ్రమైన సున్నపురాయి. ఏం తిని పెరిగాయో ఆనవాలు కూడా మిగల్లేదు. తిన్నదంతా రాయి చేసేశాయి. ఫినాయిలు పోశారా, సబ్బునీళ్ళు పోశారా, ఏదైనా రసాయనం వేశారా అని మా వాళ్ళు వాడలో ఇల్లిల్లూ తిరిగి అడిగారు. ఒక్కరూ ఏమీ వెయ్యలేదన్నారు." హైమవతి కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. తుడవాల్సింది అద్దాలు కాదని దమయంతి గమనించింది. "జీవాలే మారిపోయాయేమో మేడమ్. మేత లేకుండానే రాయి కట్టడం నేర్చుకున్నాయేమో. అదే నిజమైతే వాటిని ఆపడం నా వల్ల కాదు. మీరు సోమవారం వరకూ ఆగక్కర్లేదు, రేపే వాడ ఖాళీ చేయించండి. ఆ తలుపు వెనక మా అమ్మ ఉన్నా నేనీ మాటే చెప్పేదాన్ని."

"మీ అమ్మ లేదు, మా అత్త ఉంది," అంది దమయంతి. "రేపు నేనే వెళ్ళి చెబుతాను."

* * *

శనివారం ఉదయం ఆమె వెళ్ళేసరికి పెద్దల వాడ ఎప్పటిలాగే ఉంది. అరుగుల మీద చేపల బుట్టలు ఆరుతున్నాయి. ఒకావిడ మునగాకు దూస్తోంది. సూరీడమ్మ అరుగు మీద చేతికి కట్టుతో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయనే దాలయ్య. ఆస్పత్రి నుంచి వచ్చాక తన ఇంటికి తలుపు లేకపోవడంతో పగలంతా ఇక్కడే గడుపుతున్నాడు. ముఖ్యమంత్రిని చూసి లేవబోతే దమయంతి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"ఏటమ్మీ, సెప్పా పెట్టకుండా ఇలగొచ్చీసినావు?" సూరీడమ్మ లోపలి నుంచే అడిగింది. "మొగం అలగ పీక్కుపోనాదేటి? తింతన్నావా, నేదా? రా, కూకో. మాటలు తరవాత."

వాడ ఖాళీ చెయ్యాలన్న మాట తిన్నాక చెబుదామనుకుంది. దమయంతి లోపలికెళ్ళింది. కిటికీ రెక్క సగం వరకే మూసుకుని ఉంది. అది కదలకుండా కింద గోడలోంచి తెల్లగా, కుదురులాగా రాయి లేచింది. దమయంతి దాన్ని తడిమి చూసింది. "అత్తా, ఈ కిటికీ ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది?"

"ఉంటే ఉన్నాదిలే. గాలొత్తంది కదా."

సూరీడమ్మ రెండు పళ్ళేలు పెట్టింది. మూలనున్న కుండలోంచి తరవాణి అన్నం తీసింది. రాత్రి అన్నంలో గంజీ నీళ్ళూ పోసి, రోజూ కొంత తీసి కొంత కలుపుతూ పులియబెట్టే ఆ కుండ ఆవిడతో పాటే ఊళ్ళు మారింది. దమయంతి పెళ్ళినాటికే దాని వయసు ఎంతో ఎవరికీ తెలియదు. పక్కన ఉల్లిపాయ, ఎండుచేప ముక్క. దమయంతి ముద్ద కలిపి నోటి దాకా తెచ్చింది.

సూరీడమ్మ తన పళ్ళెంలోంచి మొదటి ముద్ద తీసి, కిటికీ కింద గోడ వారన పెట్టింది. దాని మీద ఇన్ని తరవాణి నీళ్ళు ఒంపింది. ఆ తర్వాత తను తినడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి చేసే పనిలో ఉండే తీరిక ఆ చేతిలో ఉంది.

దమయంతి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "అత్తా, అదేమిటి?"

"ఏటి?"

"గోడకి అన్నం పెట్టావు."

"పెట్టకపోతే ఎలగ?" సూరీడమ్మ కోడలి వంక వింతగా చూసింది. "గోడకి పానముందని గృహప్రవేశం నాడు మీ సున్నం డాట్రమ్మే గదా మైకులో సెప్పింది. ఏడాదికోపాలి మేత ఏత్తామన్నాది. ఏడాదికోపాలి తిని ఏ పానం బతుకుతాదే? ఇంట్లో పానమున్నది పస్తుంటే దాని ముందర కూకోని మనవొక్కలమే మింగేత్తామా?"

"అందరూ పెడుతున్నారా?"

"పెట్టని కొంప సూపించు."

"మరి మా వాళ్ళొచ్చి గోడకేమైనా వేశారా అనడిగితే లేదన్నారట గదా?"

"రసాయనం ఏసినారా అనడిగినారు. అన్నం రసాయనమేటి?"

అరుగు మీద నుంచి దాలయ్య దగ్గాడు. ఆయన గడప దగ్గరికి జరిగి, నేల చూపులు చూస్తూ మాట్లాడాడు. "తప్పు నాదే తల్లీ. అందరూ ముద్దే పెడతారు. నాను సగం పెట్టీవోణ్ణి. మా ముసిల్ది ఉన్నప్పుడు ఒకే పళ్ళెంలో తినీవోళ్ళం. అది తలుపు దోరబందాన్ని ఆనుకొని కూకునీది. అది ఎల్లిపోనాక ఒక్కణ్ణే కూకుంటే ముద్ద దిగీది కాదు. అందుకని దోరబందం వారకే సగం పెట్టీసీవోణ్ణి. కూడా ఎవులో తింతన్నట్టుండీది. ముసురు పట్టినాక గోడ తడిసి సల్లగయిపోనాది. పాపం వణికిపోతందేమో అని పూటపూటా ఏడి గంజి కూడా పోసినాను. అది బాగుండాలనే పోసినాను గాని ఇలగవుతాదనుకోనేదు."

దమయంతికి ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముద్ద పళ్ళెంలో వదిలేసి, కుండలోని తరవాణి ఒక క్యానులో పోయించుకుని కారెక్కింది. వెనక నుంచి సూరీడమ్మ కేకేసింది. "ఒలే, అన్నం ఒగ్గీసి ఎక్కడికే?"

* * *

హైమవతి తరవాణిని ముందు వాసన చూసింది. తర్వాత సూక్ష్మదర్శిని కింద చూసింది. గొట్టం మీంచి కన్ను తీయకుండానే మాట్లాడింది.

"పులుపు, పిండి, వెచ్చదనం. వీటికి ఇంతకంటే విందు ఏముంటుంది? మేము ఏడాదికి ఇచ్చేదాని కన్నా వాళ్ళు వారానికే ఎక్కువ పెట్టినట్టున్నారు. దానికి తోడు ముసురులో తేమ ఆరకుండా ఉంది."

"అయితే పరీక్షించి చూడు. నేను చెప్పానని నమ్మకు."

నాలుగు గోడ ముక్కలు తెచ్చారు. రెండింటికి ఉత్త నీళ్ళు, రెండింటికి తరవాణి. ఆదివారం మధ్యాహ్నానికి దమయంతి మళ్ళీ వచ్చింది. నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. తరవాణి తాగిన ముక్కల అంచున తెల్లటి రాయి గోరంత మేర లేచి నిలబడింది. హైమవతి దాన్ని వేలితో తడిమింది. ఆదివారం కూడా ఇంటికి వెళ్ళకుండా పనిచేస్తున్న ఆమె మనుషులు చుట్టూ మూగారు.

"మారలేదు మేడమ్. అవి ఏమీ మారలేదు," అంది హైమవతి. ఈసారి కళ్ళద్దాలు తియ్యకుండానే ఏడ్చింది. "పెట్టింది తిన్నాయి. అంతే. పెట్టడం ఆపితే ఆగిపోతాయి. పట్టిన రాయిని ఉలితో తీసేస్తే సరి."

"మరి వంతెన?"

"పొద్దున్నే పడవేసుకుని వెళ్ళి స్తంభాలన్నీ చూసొచ్చాం. ఎక్కడా పెరగలేదు. పగుళ్ళూ లేవు. దానికి ఎవరూ అన్నం పెట్టడం లేదు గదా. పెట్టినా అంత వంతెనకి ముద్ద ఏ మూలకి?"

దమయంతి అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుంది. మూడు రోజులుగా మెడ మీద పడి ఉన్న బరువు దిగిపోయింది. హాయిగా ఊపిరి పీల్చుకుంది. వాడ ఖాళీ చెయ్యక్కర్లేదు. వంతెన మూయక్కర్లేదు. సోమవారం జవాబు ఉంది.

ఇంతలో ఆమెకి దాలయ్య మాట గుర్తొచ్చింది. కూడా ఎవరో తింటున్నట్టుండేదని అన్నాడు. ఆమె ముఖం మళ్ళీ కొంచెం ముడుచుకుంది. లెక్కలో జవాబు సరిపోయింది గానీ, అడగాల్సిన లెక్క అది కాదేమో అనిపించింది.

* * *

సోమవారం సభ కిటకిటలాడింది. సందర్శకుల గ్యాలరీలో మొదటి వరసలో సూరీడమ్మ కూర్చుంది. పక్కన దాలయ్య, కొత్త పంచెలో. ఆవిడ తెచ్చుకున్న క్యారేజీని వాకిట్లో పట్టుకుని ఆపితే, "ఇది మా కోడలి సభ" అని దబాయించింది. అయినా సభ ముగిసేదాకా అది సిబ్బంది బల్ల మీదే ఉండిపోయింది.

దమయంతి జరిగిందంతా చెప్పింది. తరవాణి మాట రాగానే సభలో నవ్వులు మొదలయ్యాయి. దాలయ్య గంజి మాట దగ్గర నవ్వులు ఆగిపోయాయి.

లోకనాథం లేచాడు. "అయితే అధ్యక్షా, ముఖ్యమంత్రిగారు చెప్పేదేమిటంటే, సున్నం మంచిదే, తప్పంతా ముసలోళ్ళదీ అనా?"

"కాదు, అధ్యక్షా. వాళ్ళకి గోడకి ప్రాణముందని చెప్పింది మేము. దానికెంత తిండి చాలో అర్థమయ్యేలా చెప్పనిదీ మేమే. ఇల్లిల్లూ తిరిగి రసాయనాలు పోశారా అని అడిగాం తప్ప, మీరెలా ఉన్నారు, ఎవరితో తింటున్నారు అని అడగలేదు. సున్నంలో తప్పు లేదు. వంతెన గట్టిగా ఉంది, పిల్లల్ని నిశ్చింతగా పంపండి. తప్పు నేను గీయించిన ప్లానులో ఉంది. అరవై ఇళ్ళు కట్టించాను. ఒక్కో ఇంటికి ఒక తలుపు, ఒక పొయ్యి, ఒక మనిషి. నలుగురూ కలిసి కూర్చుని తినే చోటు ఒక్కటి కూడా గీయలేదు. పెట్టే చెయ్యి ఊరుకోదు, అధ్యక్షా. పక్కన మనిషి లేకపోతే గోడకైనా పెడుతుంది. వాడ మధ్యలో ఒక పెద్ద పంచ, ఒక ఉమ్మడి వంటిల్లు కట్టిస్తాను. అందరూ అక్కడ తింటారు."

లోకనాథం నిలబడే ఉన్నాడు. రాసుకొచ్చిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి, చేతిలో కాగితం ఉంది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎప్పటికి కడతారు?"

"మళ్ళీ ముసురు పట్టేలోపు."

"అప్పుడు మళ్ళీ అడుగుతాను."

"అడగండి. ఈలోగా మీరు తెచ్చిన ఆ తలుపు చెక్క ఇచ్చెయ్యండి. దాలయ్యగారు అడుగుతున్నారు. కొత్త తలుపు బిగించాక దాన్ని గోడకి ఆనించి పెట్టుకుంటారట."

లోకనాథం గ్యాలరీ వైపు చూశాడు. దాలయ్య ఆయనకి దండం పెట్టాడు. ఆయన చెక్కని ఎవరికీ ఇవ్వకుండా తనే ఎత్తుకుని, మెట్లెక్కి వెళ్ళి ముసలాయన ఒళ్ళో పెట్టి వచ్చాడు. సభలో రెండు వైపులవాళ్ళూ బల్లలు చరిచారు.

* * *

తిరుగు ప్రయాణంలో కారు ముందు సీట్లో దాలయ్య తలుపు చెక్క పట్టుకుని కూర్చున్నాడు. వెనక అత్తాకోడళ్ళు. ఏటి వంతెన మీదికి ఎక్కగానే సూరీడమ్మ డ్రైవరు భుజం తట్టింది.

"ఆపు నాయినా."

కారు ఆగింది. వెనకాల పోలీసు కారూ ఆగింది. ఏరు వెడల్పుగా, ఎర్రగా సముద్రం వైపు పోతోంది. సాయంకాలపు ఎండ వంతెన పిట్టగోడ మీద పడుతోంది. బడి నుంచి వచ్చే పిల్లలు సైకిళ్ళ మీద అరుచుకుంటూ వెళుతున్నారు.

"ఇదీ ఆ సున్నమేనట గదా?"

"అవునత్తా."

"దీనికీ ఏడాదికోపాలేనా పెడతారు?"

"అవును. కొలిచి పెడతారు."

సూరీడమ్మ క్యారేజీ తీసుకుని కారు దిగి, పిట్టగోడ దగ్గరికి నడిచి, మూత తెరిచింది. దమయంతి కూడా దిగింది. ఇక మీదట ఎవరూ గోడలకి ఏమీ పెట్టకూడదని ఆ రోజు పొద్దున్నే వాడంతటికీ చెప్పించింది తనే. దాలయ్య అద్దం దించి చూస్తున్నాడు. పోలీసులు మర్యాదగా అవతలి వైపు ఏటిని చూడసాగారు. వద్దని చెప్పడానికి నోరు తెరిచిన దమయంతికి హైమవతి మాట గుర్తొచ్చింది. అంత వంతెనకి ముద్ద ఏ మూలకి?

"ఇలా ఇయ్యి అత్తా. నువ్వు వంగలేవు," అంది.

క్యారేజీ అందుకుని, మోకాళ్ళు వంచి, పిట్టగోడ మొదట్లో ఒక ముద్ద పెట్టింది. దాని మీద ఇన్ని తరవాణి నీళ్ళు పోసింది. లేచి నిలబడేసరికి సూరీడమ్మ క్యారేజీ అడుగు గిన్నె ఆమె చేతిలో పెట్టింది.

"దాని కడుపు నిండినాది. ఇప్పుడు నువ్వు తిను. శనివారం ముద్ద ఒగ్గీసి ఎల్లిపోనావు."

శుక్రవారం నుంచి మొదటిసారి దమయంతికి నిజంగా ఆకలేసింది. పిట్టగోడకి ఆనుకుని, ఎండుచేప ముక్క నంజుకుంటూ, గిన్నె ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి తిన్నది.